మొండికాలు నల్లబడితే

కాలు తీసేసిన తరువాత ఇంక భయం లేదని చాలామంది అనుకుంటారు. కుళ్ళిన భాగం పోయింది, కుట్లు వేశారు, కట్టు కట్టారు, ఇక మానడమే తరువాయి అని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ముప్పయి యేళ్ళపాటు శస్త్రచికిత్సల వార్డులో సిస్టరుగా పనిచేసినదాన్ని గనుక ఎన్నో కుటుంబాలు అలా ఊపిరి పీల్చుకోవడం చూశాను. కాని తీసేసిన కాలు పోగా మిగిలిన మొండి కూడా శరీరంలో భాగమే కదా! దానికీ నెత్తురు కావాలి. నెత్తురు తెచ్చే ఆహారమూ, ఆమ్లజనీ కావాలి. అవి చాలకపోతే కుట్లు వేసిన చోటనే కండ మళ్ళీ చచ్చిపోవడం మొదలుపెడుతుంది. ముందు పాలిపోయి, ఆ తరువాత నీలమై, ఆఖరున నల్లబడుతుంది. ఆ నలుపు కనిపించిన రోజున ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో తెలిసి ఉంటే మోకాలు దక్కవచ్చు. ఒక్కొక్కప్పుడు ప్రాణమే దక్కవచ్చు. అది చెప్పడానికే ఈ నాలుగు మాటలూ.

"ఇంత బాధాకరమైన విషయం ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో ఎందుకమ్మా?" అని మీరు అడగవచ్చు. మధుమేహం ఉన్నవారు లేని వీధి ఈ రోజుల్లో ఎక్కడుంది చెప్పండి? మన దేశంలో కాళ్ళు పోవడానికి రోడ్డు ప్రమాదాలు ఒక ముఖ్యకారణమైతే, మధుమేహం మరొకటి. ఆసుపత్రిలో పదిరోజులుంటే ఇంట్లో నెలల తరబడి ఉండాలి. ఆ నెలల్లో కట్టు విప్పి చూసేది ఇల్లాలో, కోడలో, కొడుకో తప్ప డాక్టరు కాడు.

పాతరోజుల సంగతి

కాలు పోవడమూ, కొత్తకాలు రావడమూ మనవాళ్ళకు కొత్త ముచ్చట కాదు. ఋగ్వేదంలో విశ్పల అనే ఆమెకు యుద్ధంలో కాలు తెగిపోతే, అశ్వినీదేవతలు వెంటనే ఇనుపకాలు అమర్చారని ఉంది. వారు దేవవైద్యులు గనుక వెంటనే అమర్చగలిగారు. మనుష్యవైద్యులకు మాత్రం మొండి మానేదాకా ఆగక తప్పదు. ఆ మానడంలోనే ఉన్నది చిక్కంతా.

ఐరోపాలో ఒకప్పుడు కాలు కోసిన వెంటనే నెత్తురు ఆగడానికి ఎర్రగా కాల్చిన ఇనుముతో మొండికి వాతలు పెట్టేవారు. నెత్తురు ఆగేది నిజమే, కాని వాత పెట్టిన మేర కండ చచ్చేది. చచ్చిన కండ కుళ్ళేది. ఆంబ్రోజ్ పారె అనే ఫ్రెంచి శస్త్రవైద్యుడు 1552లో, ఒక యుద్ధశిబిరంలో, కాలు తీసిన తరువాత నెత్తుటి గొట్టాలను దారంతో ముడివేసి చూశాడు. వాతల బాధ తప్పింది. ఈనాటికీ శస్త్రచికిత్సలో ఆ ముడి ఉన్నది.

అయినా మొండి కుళ్ళడం ఆగలేదు. క్రిములున్నాయని గాని, అవి డాక్టరుగారి చేతి నుంచే గాయంలోకి పోతున్నాయని గాని అప్పటికి తెలియదు. గ్లాస్గో నగరంలో జోసెఫ్ లిస్టర్ పనిచేసిన ఆసుపత్రి లెక్కలు చూడండి. 1864, 1866 సంవత్సరాలలో అవయవాలు తీసెయ్యవలసివచ్చిన 35 మందిలో 16 మంది చనిపోయారు. అంటే ఇంచుమించు ఇద్దరిలో ఒకరన్నమాట. ఆయన కార్బాలిక్ ఆమ్లంతో గాయాన్నీ, పరికరాలనూ శుద్ధిచెయ్యడం మొదలుపెట్టాక, 1867 నుంచి 1869 వరకు 40 మందిలో పోయినవారు ఆరుగురే. శుభ్రతకు ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

మరి శుభ్రత తెలిసింది, క్రిములను చంపే మందులూ వచ్చాయి. ఇంకా మొండి ఎందుకు నల్లబడుతున్నది?

శివారు పొలం

కృష్ణా డెల్టాలో కాలువ శివారున పొలం ఉన్నవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. ఎగువ పొలాలు తడిసినా, శివారు పొలానికి నీరు అందకపోవడం కద్దు. విత్తనం మంచిదే, ఎరువు మంచిదే, రైతు కష్టజీవే. నీరు రాకపోతే చేను ఎండుతుంది. మొండి చివర కుట్లు వేసిన అంచు అలాంటి శివారు పొలం. నెత్తుటి కాలువకు అదే చిట్టచివర.

మధుమేహం చాలాకాలం ఉన్నవారికీ, పొగతాగేవారికీ కాళ్ళ రక్తనాళాలు లోపల పూడుకుపోతుంటాయి. మొదట కాలు పోయింది ఆ పూడిక వల్లనే అయితే, కాలు తీసెయ్యడంతో పూడిక పోదు కదా! అది పైన తొడలోనో, మోకాలి వెనకనో అలాగే ఉంటుంది. దానికి తోడు కట్టు మరీ బిగిసినా, చర్మాన్ని లాగి బిగించి కుట్టవలసివచ్చినా, లోపల నెత్తురు గడ్డకట్టి ఉబ్బినా, క్రిములు చేరినా అంచుకు వచ్చే ఆ కాస్త నెత్తురూ తగ్గిపోతుంది.

అందుకే మోకాలి కింద కాలు తీసేటప్పుడు చాలామంది శస్త్రవైద్యులు వెనక పిక్క కండను పొడుగ్గా ఉంచి, దాన్ని ముందుకు మడిచి, ఎముక కొస మీద కప్పి కుడతారు. ముందువైపు చర్మానికన్న పిక్కకు నెత్తురు బాగా అందుతుంది గనుక. కుట్లు మొండికి అడుగున కాక ముందువైపు ఎందుకున్నాయా అని ఆశ్చర్యపడేవారికి జవాబు ఇదే.

మాష్టారి కథ

2013లో మా వార్డుకి ఒక మాష్టారు వచ్చారు. బడి నుంచి రిటైరై నాలుగేళ్ళు. పదిహేనేళ్ళుగా మధుమేహం, అంతకు రెట్టింపు ఏళ్ళుగా చుట్ట. కొత్తచెప్పు కరిచి వేలి మీద లేచిన పొక్కు పుండై, పాదమంతా పాకి, మోకాలి కింద కాలు తీసెయ్యవలసి వచ్చింది. కొడుకు దూరదేశంలో ఉద్యోగం. ఇంట్లో ఉండేది ఆయనా, ఆయన భార్యా. ఆమె బక్కపలచని మనిషి. ఆయనను మంచం మీది నుంచి లేవదీసే బలం ఆమెకు లేదు.

నాలుగోరోజు రాత్రి ఆయనకు నొప్పి ఎక్కువైంది. చూడవచ్చిన బంధువొకాయన, "ఏముందండీ, లేని కాలు నొప్పి పుడుతుందట! నేను చదివాను" అన్నాడు. ఆయన చదివింది అబద్ధం కాదు. పోయిన కాలు ఇంకా ఉన్నట్టూ, దాని వేళ్ళు మెలిపెడుతున్నట్టూ అనిపించడం చాలామందికి ఉన్నది. అమెరికా అంతర్యుద్ధంలో పనిచేసిన వెయిర్ మిచెల్ అనే వైద్యుడు 1871లో దానికి 'భూతావయవం' అనే అర్థం వచ్చే పేరు కూడా పెట్టాడు. అయితే ఆ నొప్పి లేని వేళ్ళలో, లేని మడమలో తెలుస్తుంది. మాష్టారి నొప్పి ఉన్న మొండిలోనే ఉన్నది. "సిస్టరమ్మా, కుట్ల దగ్గర నిప్పు పెట్టినట్టున్నది" అన్నారాయన. డాక్టరుగారికి కబురుచేసి కట్టు విప్పాము. కుట్లకు ఒక పక్క అంచు నీలంగా ఉన్నది. ముట్టుకుంటే చల్లగా ఉన్నది. ఆరోరోజుకి రెండు వేళ్ళ వెడల్పున నల్లబడింది.

ఆ నలుపు చూసి మాష్టారి భార్య అన్న మొదటిమాట, "ఇక పైకి కూడా కోసేస్తారా?" అని.

ఆ ప్రశ్నకు అర్థం తెలియాలంటే మోకాలి విలువ తెలియాలి. మోకాలు ఉన్నవారు కృత్రిమపాదం పెట్టుకొని కుర్చీలోంచి లేవగలరు, మెట్లెక్కగలరు. మోకాలి పైన తీసేస్తే ఒక్కొక్క అడుగుకీ చాలా ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. వయసు మళ్ళి, గుండె బలహీనమైనవారిలో చాలామంది ఇక నడవనే నడవరు. కాని మరో పక్క చూస్తే, తొడకు నెత్తురు బాగా అందుతుంది గనుక అక్కడ గాయం తేలిగ్గా మానుతుంది. మానడం కావాలా, మోకాలు కావాలా? శస్త్రవైద్యుడికి ఇది ప్రతిసారీ కత్తిమీద సామే.

మా డాక్టరుగారు తొందరపడలేదు. నల్లబడిన మేర పొడిగా ఉన్నది, చీము లేదు, జ్వరం లేదు. "మాష్టారూ, ఇప్పుడు నలుపు కోసేస్తే కొత్త అంచు తయారవుతుంది. నీరు రాని కాలువ కింద గట్టు ఎక్కడ వేస్తే మాత్రం ఏం లాభం? ముందు నీరు తెప్పిద్దాం" అన్నారు. డాప్లర్ యంత్రం పెట్టి నెత్తుటి చప్పుడు విన్నారు. తొడ మొదట్లో బాగానే ఉన్నది, మోకాలి వెనక చాలా సన్నగా ఉన్నది. మూత్రపిండాలు తట్టుకోగలవో లేదో రక్తపరీక్ష చేసి చూసి, నాళంలోకి మందు ఎక్కించి ఫోటోలు తీశారు. తొడ నాళం ఒకచోట ఇరుకైపోయింది. సన్నని తీగ మీదుగా చిన్న బెలూను పంపి, ఆ ఇరుకును వెడల్పు చేశారు. అందరికీ ఇది కుదరదు. కొందరికి పక్కదారి వేసే ఆపరేషను అవసరమవుతుంది, కొందరికి ఏదీ వీలుపడదు. మాష్టారికి కుదిరింది. మర్నాడు మొండి ముట్టుకుంటే వెచ్చగా ఉన్నది.

ఆ తరువాతనే చచ్చిన కండను కోసి తీసేశారు. ఎంతవరకు తియ్యాలి? కోస్తే నెత్తురు చిమ్మేదాకా. నెత్తురు వచ్చిందంటే అది బతికిన కండ. ఎముక కొస కూడా కొంచెం కురచ చేసి, గాయాన్ని వెంటనే మూసెయ్యకుండా వదిలారు. దానిలో స్పాంజి పెట్టి, పైన గాలి చొరని పొర అంటించి, గొట్టంతో ఒక చిన్న యంత్రానికి కలిపారు. ఆ యంత్రం లోపలి చెడునీటిని లాగేస్తూ ఉంటుంది. మూడు వారాలకు గాయం అడుగున ఎర్రని కొత్తకండ దానిమ్మగింజల్లాగా లేచింది. దాని మీద తొడ చర్మం పలచగా తీసి అతికించారు. మోకాలు దక్కింది.

డాక్టరు చేసింది సగమైతే, మిగతా సగం ఇంటివారు చేశారు. ఆపరేషను అయిన నాటి నుంచి ఆ ఇల్లాలు భర్తకు చారన్నం తప్ప పెట్టలేదు. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు తింటే వాతమని మన ఇళ్ళల్లో గట్టి నమ్మకం. నిజానికి కొత్తకండ పుట్టాలంటే మాంసకృత్తులు కావాలి. చారునీళ్ళతో గోడ లేవదు. మూత్రపిండాల జబ్బు లేనివారికి పప్పు, పాలు, పెరుగు, గుడ్డు ఈ సమయంలో మందుతో సమానం. ఆమె అది అర్థం చేసుకొని మర్నాటి నుంచే పప్పు వండి తెచ్చింది. చుట్ట సంగతి డాక్టరుగారే చెప్పారు. "పొగలోని నికోటిను నాళాన్ని బిగిస్తుంది. పొగతో వచ్చే విషవాయువు నెత్తుటిలో ఆమ్లజని కూర్చోవలసిన చోట తాను కూర్చుంటుంది. మేము బెలూనుతో తెరిచిన దారిని మీరు చుట్టతో మూసుకోవద్దు" అన్నారు. మాష్టారు ఆ పూటే చుట్టల కట్ట భార్య చేతికిచ్చేశారు.

ఎండు నలుపు, తడి నలుపు

అందరి కథా ఇలా ముగియదు. మరుసటి ఏడే ఒక రైతును ఎడ్లబండి మీద కాదు, ఆటోలో తెచ్చారు గాని, ఆలస్యం మాత్రం ఎడ్లబండి కాలంనాటిదే. మొండి నల్లబడి పదిరోజులు. వాసన వస్తున్నదని సిగ్గుపడి, ఎవరినీ దగ్గరకు రానివ్వక, మీద పసరు వేసి గుడ్డచుట్టి పడుకున్నాడు. వచ్చేసరికి మొండి తడితడిగా ఉబ్బిపోయి, ఎరుపు తొడ దాకా పాకి, చలిజ్వరంతో మాట తడబడుతున్నది.

ఇక్కడ తెలుసుకోవలసిన తేడా ఒకటున్నది. ఎండు నలుపులో కండ కమిలి, ఎండి, అట్టకడుతుంది. చచ్చినదానికీ బతికినదానికీ మధ్య గీత గీసినట్టు హద్దు ఏర్పడుతుంది. డాక్టరుకు ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. తడి నలుపులో క్రిములు చేరి ఉంటాయి. దుర్వాసన, చీము, నీటిపొక్కులు, వాపు ఉంటాయి. హద్దు ఉండదు, గంటగంటకూ పైకి పాకుతుంది. నొక్కితే చర్మం కింద చిటపటమని చప్పుడైతే లోపల వాయువు చేరిందన్నమాట. అప్పుడు తెల్లవారనీ అనుకోకూడదు, ఆ రాత్రే ఆసుపత్రికి పోవాలి. ఆ రైతుకు నరం ద్వారా మందులు పడుతుండగానే, అదే రాత్రి మోకాలి పైన తీసెయ్యవలసి వచ్చింది. ప్రాణం దక్కింది, మోకాలు దక్కలేదు. బతికి ఇంటికి వెళ్ళాడు, అదే పదివేలు. కాని ఆ పదిరోజులలో ఎవరైనా గుడ్డ విప్పి చూసి ఉంటే అన్న మాట అతని భార్య నోట విన్నాను. ఇప్పటికీ మరవలేదు.

ఇంట్లో చెయ్యవలసినది

రోజూ ఒక వేళ పెట్టుకొని మంచి వెలుతురులో మొండిని చూడాలి. అడుగుభాగం రోగికి కనపడదు గనుక చేతి అద్దం దగ్గరుంచుకోవాలి. మధుమేహం ఉన్నవారికి స్పర్శ తగ్గి ఉంటుంది. నొప్పి లేదు గనుక అంతా బాగున్నదనుకోరాదు. రంగు మారినా, చల్లబడినా, పొక్కు లేచినా, కుట్లు విడినా, నీరు కారినా, వాసన వచ్చినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

పసర్లు, పసుపు ముద్దలు, వేడినీళ్ళ కాపడాలు వద్దు. స్పర్శలేని చర్మం కాలినా తెలియదు. నల్లని అట్టను గోటితోగాని, కత్తెరతోగాని ఇంట్లో పీకవద్దు. వాపు తగ్గడానికి సాగే కట్టు కట్టమంటే, 8 అంకె మాదిరిగా ఏటవాలుగా చుట్టాలి. కొస దగ్గర కాస్త బిగువుగా, పైకి పోయేకొద్దీ వదులుగా ఉండాలి. పైన తాడు బిగించినట్టు గుండ్రంగా చుడితే నెత్తురు ఆగిపోతుంది. ఆసుపత్రి నుంచి వచ్చేముందే సిస్టరు చేత ఒకసారి కట్టించి చూసి, ఆమె ఎదుట మీరొకసారి కట్టండి.

మోకాలి కింద దిండు పెట్టడం ఎంతో సుఖంగా ఉంటుంది. ఆ సుఖం పనికిరాదు. మోకాలు వంగినది వంగినట్టే బిగుసుకుపోతే తరువాత కృత్రిమకాలు అమరదు. మంచం అంచు నుంచి గంటలకొద్దీ మొండిని వేలాడవెయ్యడమూ మంచిది కాదు. చక్కెర అదుపులో ఉంచడం, నెత్తురు తక్కువగా ఉంటే దానికి మందు వాడడం, డాక్టరు చెప్పిన వ్యాయామం చెయ్యడం ఇవన్నీ మొండి వైద్యంలో భాగాలే.

కొత్తకాలు

జైపూరులో రామచంద్రశర్మ అనే శిల్పకారుడూ, డాక్టర్ పి. కె. సేథీ కలిసి 1960ల చివర తయారుచేసిన రబ్బరుపాదం సంగతి మీరు వినే ఉంటారు. దానితో చెప్పులు లేకుండా నడవవచ్చు, బురదలో దిగవచ్చు, కింద కూర్చోవచ్చు. సేథీగారికి 1981లో మెగసేసే బహుమానం వచ్చింది. అదే ఏడు ఒక ప్రమాదంలో గాయపడి, గాయం కుళ్ళి కాలు పోగొట్టుకున్న నర్తకి సుధాచంద్రన్, ఆ జైపూరు పాదంతోనే 1984లో మళ్ళీ వేదిక ఎక్కి నాట్యం చేసింది. ఆమె కథనే 1985లో సింగీతం శ్రీనివాసరావుగారు 'మయూరి' అని తెలుగులో చిత్రంగా తీశారు. నటించినదీ ఆమే. ఆ చిత్రం చూసి కంటతడి పెట్టని ఇల్లాలు లేదు.

కాని చిత్రంలో క్షణాలలో గడిచిపోయే కాలం ఇంట్లో నెలలు పడుతుంది. మొండి పూర్తిగా మాని, వాపు తీసి, ఒక ఆకారానికి వచ్చినదాకా కృత్రిమకాలు తొడగకూడదు. తొడిగిన తరువాత కూడా ఒరుసుకొని పుండుపడిన రోజున దాన్ని పక్కన పెట్టి, కొలత సరిచేయించుకోవాలి. ఆ పుండునే సహించి నడిస్తే మళ్ళీ మొదటికి వస్తుంది. మాష్టారు ఆరునెలలు ఆగారు. ఆ తరువాత వార్డు మెట్లు తనంత తానే ఎక్కి వచ్చి, "అమ్మాయికి నన్ను లేవదీసే పని తప్పింది" అని భార్యను చూపించి నవ్వారు.

ఆ రోజున నేను ఆయనను అడిగింది మాత్రం రెండో కాలు చూపించమని. ఒక కాలిని పాడుచేసిన చక్కెరా, పూడికా రెండో కాలిలో కూడా ఉంటాయి. పైగా బరువంతా దాని మీదే పడుతుంది. మొండిని ఎంత శ్రద్ధగా చూస్తారో, మిగిలిన పాదాన్ని, వేళ్ళ సందులతో సహా, రోజూ అంత శ్రద్ధగానూ చూడాలి. మీ ఇంట్లో మధుమేహం ఉన్న పెద్దలుంటే, రెండు కాళ్ళూ ఉన్నా సరే, ఈ రాత్రి పడుకునేముందు వారి పాదాలు ఒకసారి దీపం వెలుగులో చూడండి. పెద్దవాళ్ళ కాళ్ళు పట్టడం మనకు కొత్త కాదు కదా!